బీరప్పకు మొక్కిన బాండ్లు

నల్గొండ,
6 మార్చి 2023

గుండ్లగట్టు బీరప్ప గొర్రెల పెంపకందార్ల పొదుపు సంఘం అధ్యక్షులు ఐలేశం గారికి,

ఆడిటర్ సుచరిత నమస్కారాలు.

మీ సంఘం లెక్కలు ఈ ఏడు నుంచి నేను చూస్తున్నాను. ఇంతకుముందు చూసిన పెద్దాయన రిటైరయ్యారు. పోతూ పోతూ మీ ఫైలు నా చేతిలో పెట్టి, "జాగ్రత్తమ్మా" అని ఒక్క మాట అన్నారు. ఎందుకన్నారో ఇంకా తెలియదు.

విషయానికి వస్తాను. మీ సంఘం 2021 ఆగస్టులో నలభై లక్షలు పెట్టి ప్రభుత్వ బాండ్లు కొన్నది. పద్నాలుగేళ్ల గడువు, ఏడాదికి ఆరున్నర శాతం వడ్డీ. పుస్తకంలో వాటిని నలభై లక్షలనే రాసుకున్నారు. ఇక అట్లా కుదరదు. మన పొదుపు సంఘాల సమాఖ్య ఈ ఏడు సముచిత విలువ పద్ధతి పెట్టింది. మీరు ఎంతకు కొన్నారన్నది ఇక లెక్కలోకి రాదు. మార్చి నెలాఖరుకు బహిరంగ మార్కెట్లో, అమ్మాలనుకునేవాడూ కొనాలనుకునేవాడూ ఎవరి బలవంతమూ లేకుండా ఏ ధరకు ఒప్పుకుంటారో ఆ ధర రాయాలి. దాన్ని మహాసభలో సభ్యులందరికీ చదివి వినిపించాలి. ఆ ధరకు తగిన ఆధారం సంపాదించి నాకు పంపండి.

దయచేసి ఫోన్లు చేయకండి. ఫోనులో మాట్లాడింది ఫైలులో పెట్టలేను. ఏ సందేహమున్నా ఉత్తరం రాయండి.

ఇట్లు, మీ లెక్కలు తేలేదాకా కుదురు లేని,
సుచరిత

తా.క.: పోయినేటి నగదు పుస్తకం నలభై రెండో పేజీలో కొంచెం గొర్రె బొచ్చు దొరికింది. అది ఆధారమా, పొరపాటా తెలియజేయగలరు.


గుండ్లగట్టు, కల్వకుర్తి దగ్గర,
22 మార్చి 2023

నల్గొండ ఆడిటరమ్మకు ఐలేశం దండాలు. ఇక్కడ మేమూ మా మందలూ బాగున్నాం. అక్కడ మీరు కూడా బాగుండాలి.

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఇన్నేళ్లలో ఆడిటరు రాసింది నాకు పూర్తిగా అర్థం కావడం ఇదే మొదలు. అమ్మేవాడు, కొనేవాడు, బహిరంగ మార్కెట్టు, బలవంతం లేదు. ఇది మాకు తెలియనిదా అమ్మా. పుట్టిన కాన్నుంచి అదే పని. నెలాఖరున అంగడి లేదు కనుక ముందు వచ్చిన అంగడికే బాండు కాగితం సంచిలో పెట్టుకొని కల్వకుర్తి పోయాను.

గొర్రెల అంగడిలో దళారి అంజన్న నాకు ముప్పై ఏళ్ల దోస్తు. "ఏందే పెద్దయ్య, జీవాలు లేకుంట వచ్చినవ్?" అన్నాడు. కాగితం తీసి, "గిది అమ్మకానికి పెడితే ఎంతొస్తదో చెప్పు" అన్నాను. అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఎన్ని పండ్లది?" అన్నాడు. జీవం వయసు మేం నోట్లో పండ్లు చూసే చెబుతాం.

"పద్నాలుగేండ్లది. ఏడాదిన్నర గడిచింది. ఇంక పన్నెండున్నర ఉంది."

"పన్నెండున్నరేండ్లు దీన్ని మేపుడెట్ల?"

"మేపుడు లేదు. అదే మనల మేపుతది. ఏడాదికి రెండు లక్షల అరవై వేలు ఈనుతది."

"గంత మంచిగ ఈనేదాన్ని అమ్ముడెందుకే?"

ఆడిటరమ్మ చెప్పింది అన్నాను. అతను తలకాయ ఊపి, తువ్వాల పరిచి, దాని కింద నా చేతులు రెండూ పట్టుకున్నాడు. మా అంగడిలో ధర నోటితో చెప్పం. పక్కవాడు వినకుండా వేళ్ల మీదే బేరం. ఆరు వేళ్లు పట్టుకున్నాడు. అంటే వందకు అరవై. నేను మూడుసార్లు చేతులు గుంజుకున్నా ఏడో వేలు మాత్రం పట్టలేదు.

కాబట్టి సముచిత విలువ ఇరవై నాలుగు లక్షలు. అంజన్న సంతకం పెట్టిన చీటీ, అంగడి ప్రవేశానికి కట్టిన ఇరవై రూపాయల తైబజారు రసీదు జతచేశాను. కొంచెం తక్కువ అనిపించింది. కానీ బలవంతమైతే ఎవరూ చేయలేదు.

మీ మాట జవదాటని,
ఐలేశం

తా.క.: నలభై రెండో పేజీలో ఉన్నది ఆధారమే. ఆ రోజు గొర్రెలకు కత్తెర వేశాం. బొచ్చు అమ్మితే వచ్చిన పైసలు ఆ పేజీలోనే ఉన్నాయి, చూడండి.

ఇంకో తా.క.: మరొక ఆసామి మూడు పొట్టేళ్లూ, కాగితాలు లేని ఒక మోటారు సైకిలూ ఇస్తానన్నాడు. ఇది ఎక్కువో తక్కువో మీరే లెక్క కట్టండి.


నల్గొండ,
3 ఏప్రిల్ 2023

ఐలేశం గారికి నమస్కారాలు.

మీ ఉత్తరం చదివి ఒక చెంబెడు నీళ్లు తాగాను. పెద్దాయన ఎందుకు జాగ్రత్త అన్నారో ఇప్పుడు తెలిసింది.

తప్పు నాదే. ఏ మార్కెట్టో నేను రాయలేదు. బాండ్లకు వేరే మార్కెట్టు ఉంది. బ్యాంకులూ బీమా కంపెనీలూ కంప్యూటర్లోనే కొంటాయి, అమ్ముతాయి. అక్కడ మార్చి నెలాఖరున మీ బాండు ధర వందకు తొంభై మూడు. అంటే మీ నలభై లక్షలకు ముప్పై ఏడు లక్షల ఇరవై వేలు. ఇప్పుడు వచ్చే కొత్త బాండ్లు ఏడు శాతం పైన వడ్డీ ఇస్తున్నాయి కనుక, ఆరున్నర ఇచ్చే పాతవాటికి ధర తగ్గింది. అంతకుమించి ఏమీ జరగలేదు. గడువుదాకా ఉంచుకుంటే మీ నలభై లక్షలు మీకు పూర్తిగా వస్తాయి.

సభలో తొంభై మూడు చదవండి. అంజన్న గారి అరవై చదవకండి. ఆ కాగితాన్ని మళ్లీ అంగడికి తీసుకుపోకండి.

భవదీయురాలు,
సుచరిత

తా.క.: ఇరవై రూపాయల రసీదును ఏ ఖాతాలో రాయాలని మా ఆఫీసులో అర్ధగంట వాదన జరిగింది. చివరికి 'పెట్టుబడుల సలహా ఖర్చు' కింద రాశాం.


గుండ్లగట్టు,
24 ఏప్రిల్ 2023

ఆడిటరమ్మకు, తలనొప్పితో ఉన్న ఐలేశం రాసేది.

మీ ఉత్తరం వచ్చేలోపే అంజన్న అరవై ఊరంతా పాకింది. అందుకని సభలో నేను తొంభై మూడు అనగానే జనం చప్పట్లు కొట్టారు. అరవై కన్న తొంభై మూడు ఎక్కువే కదా అని. ఆ సంతోషం రెండు నిమిషాలు. తర్వాత మా కోశాధికారి భిక్షం లేచాడు.

"వంద పెట్టి కొన్నం. తొంభై మూడు అయింది. ఏడు రూపాయలు ఎవడు తిన్నడు?"

ఎవరూ తినలేదని చెప్పాను. "ఎవడు తినకుంటే రెండు లక్షల ఎనభై వేలు యాడికి పోయినయ్? గొర్రె సస్తే తోలన్న మిగుల్తది" అన్నాడు. సభ మొత్తం నా జేబులవైపు చూసింది. మా గుర్వమ్మ కూడా చూసింది. ఆమె నా భార్య, సంఘంలో సభ్యురాలు, నా జేబులో ఏముందో నాకన్నా బాగా తెలిసిన మనిషి. ఆమె కూడా చూసిందంటే ఇక మీరే అర్థం చేసుకోండి.

భిక్షం ఆలోచన వేరే. ఈ బాండ్లు వచ్చిన ధరకు అమ్మేసి, చౌటుప్పల్ దగ్గర హైవే మీద పడుతున్న వెంచరులో ప్లాట్లు కొందామంటాడు. "ప్లాటు ధర ఎవడన్న మైకుల చదువుతడా? కొన్ననాటి ధరే పుస్తకంల ఉంటది. అడిగేటోడు లేడు, తగ్గేది లేదు" అంటున్నాడు. జనానికి ఇది నచ్చింది. తగ్గిందని ఎవరూ చదవరు కనుక అది తగ్గదని అనుకుంటున్నారు. మే పద్నాలుగున మళ్లీ సభ. ఆ రోజు చేతులెత్తిస్తారు.

అమ్మా, నాకు భయంగా ఉంది. ఆ నలభై లక్షలు నూటా పన్నెండు మంది పదేళ్ల కూడబెట్టు. ఆ వడ్డీతోనే ఏటా మందలన్నింటికీ టీకాలు, కడుపులో పురుగులు పోయే నట్టల మందులు తెస్తున్నాం. ఇప్పుడు అమ్మితే ఉత్తి కాగితం మీద ఉన్న నష్టం నిజం నష్టమైపోతుంది. ఆ ప్లాట్ల దగ్గర రోడ్డు ఉందో గుంత ఉందో ఎవరూ పోయి చూడలేదు.

మాకు మందలో రెండు రకాల జీవాలు ఉంటాయి. అంగడికి పోయే పొట్టేళ్లకు వీపున రంగు పూస్తాం. వాటి ధర రోజూ అడుగుతాం. మందను నిలబెట్టే తల్లి గొర్రెలకు రంగు పూయం. వాటి ధర ఎంత అని ఎవరన్నా అడిగితే కోపం వస్తుంది. అమ్మనిదానికి ధర ఎందుకు? ఈ బాండ్లను నేను తల్లి గొర్రెలనుకొని కొన్నాను. మీరు వాటికి రంగు పూసి అంగడిలో నిలబెట్టారు.

మీ మీద జర కోపంగా ఉన్న,
ఐలేశం

తా.క.: ఆ ఏడు రూపాయలు తిన్నవాని మీద కేసు పెట్టాలని సభ తీర్మానం చేసింది. నిందితుని పేరు దగ్గర ఖాళీ వదిలాం. మీకు తెలిస్తే రాసి పంపండి.


నల్గొండ,
2 మే 2023

ఐలేశం గారికి,

మీ కోపం న్యాయమైనదే. దాంతోపాటు మీరు ఇంకో పని చేశారు. కొత్త పద్ధతిలో పదకొండో అధ్యాయం మొత్తాన్ని, చదవకుండానే, నాలుగు మాటల్లో చెప్పారు. నేను దాని మీద పెట్టిన పరీక్ష రెండుసార్లు రాసి పాసయ్యాను.

అమ్మకానికి ఉంచిన బాండ్లను మార్కెట్ ధరకు రాయాలి. గడువుదాకా ఉంచుకునే బాండ్లను కొన్న ధరకే రాయవచ్చు. సభలో ధర చదవనవసరం లేదు. మీ రంగు పూయని తల్లి గొర్రెలకు చోటు ఉంది. మీరు ఏ వర్గమో చెప్పలేదు కనుక మా వాళ్లు అమ్మకం కింద వేసేశారు. ఈ ఒక్క ఏడు మార్చుకోవడానికి సమాఖ్య అవకాశం ఇచ్చింది.

అయితే ఊరికే అంటే ఒప్పుకోరు. గడువుదాకా అమ్మబోమనే గట్టి ఉద్దేశం సభ్యులందరికీ ఉన్నట్టు రాతపూర్వక ఆధారం కావాలి. మధ్యలో డబ్బు అవసరం పడినా బాండ్లు ముట్టకుండా గడుపుకోగల శక్తి ఉన్నట్టు చూపాలి. ఒకటి గుర్తుపెట్టుకోండి. ఒకసారి ఈ వర్గంలో వేశాక ఒక్క లక్ష బాండు అమ్మినా మీ మాట మీద నమ్మకం పోతుంది. మిగతా ముప్పై తొమ్మిది లక్షలూ మళ్లీ మార్కెట్ ధరకే వస్తాయి.

మీ సభ బాగా జరగాలని నిజంగానే కోరుకుంటున్న,
సుచరిత

తా.క.: నిందితుని పేరు వడ్డీ రేటు. చిరునామా తెలియదు.


గుండ్లగట్టు,
16 మే 2023

బంగారంలాంటి ఆడిటరమ్మకు ఐలేశం వెయ్యి దండాలు.

ఉద్దేశానికి ఆధారం పంపుతున్నాను. కవరు మెల్లగా విప్పండి, ఫ్యాను బంద్ చేయండి.

మాలో ఒక పొట్టేలును దేవునికి మొక్కితే చెవికి గంటు పెట్టి వదిలేస్తాం. దాన్ని ఎవరూ అమ్మరు. అమ్మినా ఎవరూ కొనరు. అంజన్న అయితే దాని దిక్కు కూడా చూడడు. సభ రోజు పొద్దున్నే అందరినీ బీరప్ప గుడి కాడికి రమ్మన్నాను. బాండు కాగితం దేవుని ముందు పెట్టి, ఒగ్గు పూజారితో డోలు కొట్టించి, కుడివైపు మూలకు కత్తెరతో గంటు పెట్టాను. "గీ బాండ్లు గడువు తీరేదాన్క బీరప్పయి. ముట్టినోడు మందలకెల్లి పోవాలె" అన్నాను. మంద విడిచి పోవడం మాలో పెద్ద శిక్ష.

ఆ తర్వాత నూటా పన్నెండు మందీ బండారిలో, అంటే దేవుని పసుపులో, బొటనవేలు ముంచి కాగితం మీద ముద్ర వేశారు. భిక్షం అందరికన్నా వెనక నిలబడ్డాడు. "దేవుని నడిమిట్లకు తెస్తివి, ఇగ నేనేమంట" అని ముద్ర వేశాడు. తన సొంత పైసలతో తాను మాత్రం చౌటుప్పల్‌లో ఒక ప్లాటు కొంటానన్నాడు. కొనుక్కో అన్నాను.

శక్తికి ఆధారం కూడా ఉంది. కరువు వచ్చినా, జబ్బు వచ్చినా ఇంటికొక పొట్టేలు అమ్మి సంఘానికి కడతామని, బాండ్లు ముట్టబోమని తీర్మానం చేశాం. ఆ కాగితం వేరేగా పెట్టాను.

మీ మీద కోపం పూర్తిగా పోయిన,
ఐలేశం

తా.క.: గంటు కొంచెం లోపలికి పోయింది. బాండు నంబరులో చివరి మూడు అంకెలు రాలిపోయాయి. ఏరి పొట్లం కట్టి లోపల వేశాను.


నల్గొండ,
25 మే 2023

పూజ్యులు ఐలేశం గారికి,

ఫ్యాను బంద్ చేయమని మీరు లోపలి ఉత్తరంలో రాశారు. కవరు విప్పాకే కదా అది చదివేది. ప్రస్తుతం మా ఆఫీసులో నాలుగు సంఘాల లెక్కలు బీరప్ప పసుపులో ఉన్నాయి.

అంకెలు పోయినా ఫికర్ లేదు. బాండ్లు కంప్యూటర్లో భద్రంగా ఉన్నాయి. మీ దగ్గరున్నది వాటి చీటీ మాత్రమే.

మా పెద్ద సారు కాగితాన్ని చాలాసేపు చూశారు. ముప్పై ఏళ్ల సర్వీసులో బ్యాంకుల తీర్మానాలు ఎన్నో చూశాననీ, అమ్మబోమని రాసిచ్చిన మూడో నెలకే అమ్ముకున్నారనీ, ఇంత గట్టి ఉద్దేశం ఎక్కడా చూడలేదనీ అన్నారు. మీ బాండ్లను గడువుదాకా ఉంచుకునే వర్గంలో వేశాం. ఇక పుస్తకంలో నలభై లక్షలే ఉంటాయి. నాకు చాలా సంతోషంగా ఉంది. ఆడిటర్లు ఈ మాట రాయకూడదు, అయినా రాస్తున్నాను.

మీ శ్రేయోభిలాషి,
సుచరిత

తా.క.: ఫారంలో 'ఉద్దేశాన్ని ధ్రువీకరించిన అధికారి' అనే గడి ఉంది. బీరప్ప అని రాసి, హోదా దగ్గర 'స్థానికులు' అని పెట్టాను. సమాఖ్య తిరిగి అడగలేదు.


గుండ్లగట్టు,
9 జూన్ 2025

ఆడిటరమ్మ సుచరితకు ఐలేశం రహస్యంగా రాసేది. చదివి చింపెయ్యండి.

రెండేళ్లు నిమ్మళంగా గడిచాయి. వడ్డీ వస్తోంది, టీకాలు పడుతున్నాయి. పోయిన నెల మా మనుమరాలు నిహారిక నా ఫోనులో బాండు ధర కనబడేటట్టు పెట్టింది. ఊరికే చూద్దామని చూశాను. తొంభై తొమ్మిది ఉంది. మరుసటి వారం వంద దాటింది. ఇవాళ పొద్దున నూటా రెండు.

అమ్మా, నూటా రెండు. అంటే ఎనభై వేలు లాభం, ఎవరికీ తెలియకుండా నా జేబులో ఉన్న ఫోనులో కూర్చొని ఉంది. నాకు అన్నం సయిస్తలేదు. జీవాలను తోలుకపోతూ కూడా ధర చూస్తున్నాను. నిన్న అట్లా చూస్తుంటే మంద లింగస్వామి పల్లీ చేనులో పడింది. వెయ్యి రూపాయలు దండుగ కట్టాను.

అన్నీ వద్దు. ఐదు లక్షల బాండ్లు అమ్ముదాం. మళ్లీ ధర తగ్గినప్పుడు అంతే కొని పెడదాం. మొక్కిన పొట్టేలు తప్పిపోతే దాని జాగాలో అదే రంగు పొట్టేలును వదిలితే బీరప్ప ఏమీ అనడు. దేవుడే ఒప్పుకునేది మీ సమాఖ్య ఒప్పుకోదా?

నమ్మకంతో,
ఐలేశం

తా.క.: ముఖ్యంగా భిక్షానికి తెలియనివ్వకండి.


నల్గొండ,
18 జూన్ 2025

ఐలేశం గారికి,

ఒప్పుకోదు.

బీరప్పకు దయ ఉంది. పదకొండో అధ్యాయానికి లేదు. ఒక్క బాండు అమ్మినా అన్నీ మళ్లీ రంగు పూసుకొని అంగడికి వస్తాయి. ఏటా మైకులో ధర చదవాలి. ఈ ఏడు నూటా రెండు చదివి చప్పట్లు కొట్టించుకుంటారు. ఏదో ఒక ఏడు తొంభై చదువుతారు. ఆ రోజు మళ్లీ ప్లాట్ల మాట వస్తుంది. ధర తగ్గినప్పుడు అమ్మనివ్వని మనిషి మీరు. పెరిగినప్పుడు మీరే ఇట్లా రాస్తే నాకు మనసు కష్టంగా ఉంది. ఆ ఫోను నిహారికకు ఇచ్చేయండి.

మీ మేలు కోరే,
సుచరిత

తా.క.: చెప్పడానికి భయంగా ఉంది. సంఘం నుంచి మాకు వచ్చే ప్రతి ఉత్తరం నకలును మీ కోశాధికారికి పంపాలని ఈ ఏడే మా ఆఫీసులో నియమం పెట్టారు. నేను సెలవులో ఉండగా మీ ఉత్తరం వచ్చింది. పైన 'రహస్యం' అని ఉంది కదా, ముఖ్యమైనదని మావాళ్లు మామూలు టపాలో వేయకుండా రిజిస్టర్ పోస్టులో పంపారు.


గుండ్లగట్టు,
10 జూలై 2025

ఆడిటరమ్మకు, గుండ్లగట్టు సంఘం మాజీ అధ్యక్షుడు ఐలేశం దండాలు.

మాజీ అని చూసి బాధపడకండి, వివరంగా రాస్తాను.

భిక్షం నా ఉత్తరాన్ని మైకులో చదివాడు. ఎనభై వేల దగ్గర గొంతు పెంచి, పల్లీ చేను దగ్గర ఆగి, బీరప్ప పేరు వచ్చినచోట కండ్లు మూసుకొని చదివాడు. ఇంత బాగా చదువుతాడని నాకు తెలియదు. చౌటుప్పల్‌లో అతను కొన్న ప్లాటును ఏడాది నుంచి అమ్మజూపుతున్నాడు, అడిగేవాడు లేడు. అందుకని ఇప్పుడు మా ఊళ్లో బాండ్లంటే అతనికి ఉన్నంత ప్రేమ ఎవరికీ లేదు.

"ముట్టినోడు మందలకెల్లి పోవాలె అన్నది ఎవరు?" అని అడిగాడు. నేనే అన్నాను. "ముడుతనని రాసింది ఎవరు?" అది కూడా నేనే. "మరి నువ్వే చెప్పు పెద్దయ్య, ఏం జెయ్యాలె?"

అధ్యక్షుణ్ణి దించాలంటే నూటా పన్నెండు మందిలో డెబ్బై ఐదు చేతులు లేవాలి. రెండుసార్లు లెక్కపెట్టారు. డెబ్బై నాలుగే లేచాయి. మిగతావాళ్లు నా మొహం చూసి తలలు దించుకున్నారు. గుర్వమ్మ చెయ్యి లేపింది. నాకు కోపం రాలేదు, ఇంట్లో రోజూ నన్ను చూసేది ఆమే కదా. ఒక్క చెయ్యి తక్కువైందనీ, నేను గట్టెక్కాననీ అందరూ అనుకున్నారు. నేనూ అనుకున్నాను. అప్పుడే జేబులో ఫోను గుర్రుమంది. నూటా మూడు అయి ఉంటుందా అని నా చెయ్యి దానంతట అదే జేబులోకి పోయింది.

ఆ చెయ్యిని చూసి నాకే భయమేసింది తల్లీ. నేను ఆ కుర్చీలో ఉంటే ఇవాళ కాకపోతే రేపు అమ్ముతాను. చెయ్యి జేబులోంచి తీసి పైకి లేపాను. డెబ్బై ఐదు. భిక్షం మైకు కింద పెట్టి వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

దిగినందుకు బాధగానే ఉంది, అబద్ధమెందుకు. కానీ బాండ్లు ఉన్నాయి, నలభై లక్షలు ఉన్నాయి. నిన్న మందలకు టీకాలు వేయించారు. ఎప్పటిలాగే సూదికి నేను పట్టుకునే గొర్రెలు నేనే పట్టుకున్నాను.

ఎప్పటికీ మీ మీద గౌరవం ఉన్న,
ఐలేశం

తా.క.: ఇకనుంచి ఉత్తరాలు కొత్త అధ్యక్షుడు భిక్షానికి రాయండి. నా దగ్గర ఉండొద్దని నా ఫోను అతనే తీసుకుపోయాడు. పొద్దున చేను గట్టు మీద కూర్చొని దాంట్లోకే చూస్తున్నాడు, పిలిస్తే పలకలేదు. ఒక కన్నేసి ఉంచండి.